బల్ల అంచున ఇరవై రంధ్రాలు

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, ప్రయోగశాలలో నా ఉదయాలు కాటాతో మొదలవుతాయి. గౌను, రెండు జతల చేతి తొడుగులు, గాలి అందించే ముసుగు వేసుకుని ఒక్కొక్క చిట్టెలుకను తోక మొదట్లో పట్టి గిన్నెలో దించి తూస్తాను. దోమలు మోసే, మెదడువాపు తెచ్చే వెస్ట్ నైల్ వైరస్ ఎక్కించిన వారం పది రోజులకు కొన్నింటికి బొచ్చు నిక్కబొడుచుకుంటుంది, వీపు గూని కడుతుంది, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తాయి. బరువు గీటు దాటి పడిపోతే ఆ ప్రాణిని ఇక బాధపడనివ్వకూడదు. ఇన్నేళ్లయినా ఆ పని అలవాటు కాలేదు. కాకూడదు కూడా.

ఈ ఊరికి మెదడువాపుతో పాత పరిచయం ఉంది. 1933లో ఇక్కడ వెయ్యిమందికి పైగా ఆ జ్వరాన పడ్డారు. చనిపోయినవారి మెదడు కణజాలాన్ని కోతులకు, ఎలుకలకు ఎక్కించాక వైరస్ దొరికింది, దానికి ఈ ఊరి పేరే పెట్టారు. కొన్ని జాతుల ఎలుకలు ఇలాంటి వైరస్‌లను తట్టుకుంటాయని శాస్త్రవేత్త లెస్లీ వెబ్‌స్టర్ ఆ దశాబ్దంలోనే గమనించారు. అందుకు కారణమైన జన్యువు 2002లో గానీ తేలలేదు. మేము వాడే నల్ల ఎలుకల్లో ఆ జన్యువు అరకొరగా ఉంటుంది, అందుకే తేలిగ్గా లొంగిపోతాయి. ఎలుకకు పనిచేసిన మందు మనిషికీ పనిచేస్తుందని నేను ఎవరికీ మాట ఇవ్వను.

నన్ను ఇక్కడ కట్టిపడేసినవి మాత్రం బతికి బట్టకట్టిన ఎలుకలు. వాటి జ్ఞాపకశక్తిని పరీక్షించడానికి ఒక గుండ్రటి బల్ల, అంచున 20 రంధ్రాలు, ఒక్కదాని కిందే దాక్కునే పెట్టె. ఆరోగ్యంగా ఉన్న ఎలుక నాలుగైదు రోజుల్లో దారి నేర్చుకుని నేరుగా అక్కడికే పరుగెడుతుంది. కోలుకున్న ఎలుక ఒక రంధ్రంలోకి తొంగిచూస్తుంది, మీసాలు కదిలిస్తూ ఆగుతుంది, నిన్న దూరిన రంధ్రాన్నే దాటి వెళ్లిపోతుంది. ఒంట్లో ఏ లోపమూ కనిపించదు. జ్ఞాపకాలకు ఆధారమైన నాడీకణాల కలయికలను మెదడులోని కాపలా కణాలే తినేస్తున్నాయని 2016లో ఈ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు.

ఆ ఎలుకను చూసినప్పుడల్లా వరంగల్ దగ్గరి మా ఊరు గుర్తొస్తుంది. నాతో ఐదో తరగతి చదివిన పిల్లవాడికి మెదడువాపు వచ్చింది. వరి పొలాల దోమలు మోసే జపనీస్ రకం, వెస్ట్ నైల్‌కు దగ్గరి చుట్టం. బతికాడని ఊరంతా సంతోషించింది. తర్వాత వాడు మా వీధి మలుపులో నిలబడి ఇల్లు ఎటో తోచక చూసేవాడు. ఎక్కాలు మరిచిపోయాడని బడిలో బెత్తం దెబ్బలు తినేవాడు. అది సోమరితనం కాదని ఆనాడు చెప్పగలవారు ఎవరూ లేరు.

"నోరులేని జీవాలను చంపి పాపం మూటగట్టుకోకు బిడ్డా" అని అమ్మ ఫోనులో అంటుంటుంది. మొన్న ఆమెకు ఆ బల్ల గురించి చెప్పి, ఆ పిల్లవాడి పేరెత్తాను. చాలాసేపు మాట్లాడలేదు.

"వాళ్లమ్మ పదో తరగతి దాకా చేయి పట్టుకుని బడికి తీసుకెళ్లింది. అంతా నవ్వేవాళ్లం" అంది.