పేరు ఒకటే పీట్రేస్, పని వేరు: డీబగ్గర్‌ను ఫ్రీబీఎస్‌డీ నుంచి లినక్స్‌కి తేవడం

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి లోపల చూడటానికి డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) వాడే కెర్నెల్ కాల్ పీట్రేస్. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ఫ్రీబీఎస్‌డీ, లినక్స్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ ఆ కాల్ పేరు అదే. డీబగ్గర్‌ను అటు నుంచి ఇటు తెచ్చే పని మొదలుపెట్టగానే చాలామంది రిజిస్టర్ల (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గదుల) పట్టికలు దిద్దుతూ కూర్చుంటారు. అది ఒక పూట పని. అసలు తిప్పలు వేరే ఉన్నాయి: ఫ్రీబీఎస్‌డీలో ఆగేదీ కదిలేదీ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్ మొత్తం), లినక్స్‌లో థ్రెడ్ (దానిలో విడిగా నడిచే ఒక్కో పాయ).

ఫ్రీబీఎస్‌డీలో ఒక థ్రెడ్ బ్రేక్‌పాయింట్‌ను (ఆపడానికి కోడ్‌లో పెట్టిన గుర్తును) తాకితే మిగతావాటిని కెర్నెలే ఆపేస్తుంది. ఏ థ్రెడ్ వల్ల ఆగిందో పీటీ ఎల్‌డబ్ల్యూపీఇన్ఫో అనే పీట్రేస్ అభ్యర్థన చెబుతుంది. లినక్స్‌లో తాకిన థ్రెడ్ ఒక్కటే ఆగుతుంది. తక్కినవి మనం చదువుతున్న మెమరీనే మారుస్తూ పరుగెడుతుంటాయి. ఒక్కోదాన్నీ మనమే ఆపి, ఒక్కోదానికీ వెయిట్‌పిడ్‌లో (ఆగిన కబురు అందించే కాల్‌లో) ఎదురుచూడాలి.

ఆపడానికి సిగ్‌స్టాప్ అనే సిగ్నల్ పంపొద్దు. ఆ థ్రెడ్ ఈలోపు ఇంకో కారణంతో ఆగితే మన సిగ్‌స్టాప్ క్యూలో మిగిలిపోయి, తర్వాతెప్పుడో ఊడిపడుతుంది. లినక్స్ కెర్నెల్ 3.4 నుంచి పీట్రేస్ సీజ్ (అతుక్కోవడానికి), పీట్రేస్ ఇంటరప్ట్ (ఆపడానికి) ఉన్నాయి; వాటినే వాడండి. సీజ్ ఒక్క థ్రెడ్‌కే అతుక్కుంటుంది. కాబట్టి ప్రాక్‌లోని (ప్రాసెస్‌ల వివరాలను కెర్నెల్ ఫైళ్లుగా చూపే చోట) థ్రెడ్‌ల జాబితా ఉండే టాస్క్ డైరెక్టరీని, ఇక కొత్త థ్రెడ్ ఏదీ కనబడని స్థితి వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదవాలి. ట్రేస్‌క్లోన్ ఆప్షన్‌ను సీజ్‌తో పాటే ఇస్తే ఆపై పుట్టేవి వాటంతటవే చేరతాయి. అయితే క్లోన్ ఈవెంట్ (కొత్త థ్రెడ్ పుట్టిందన్న కబురు) కన్నా ముందే కొత్త థ్రెడ్ ఆగినట్టు కబురు రావచ్చు. తెలియని ఐడీ అని పారేయకుండా పక్కన పెట్టుకోండి.

అన్నిటికన్నా మొండి బగ్ ఇది. మీరు ఆపుతుండగానే రెండో థ్రెడ్ కూడా అదే బ్రేక్‌పాయింట్‌ను తాకింది. ఆ ఈవెంట్ ఇంకా చూడలేదు. ఈలోగా యూజర్ బ్రేక్‌పాయింట్ తీసేశాడు. ఎక్స్86 ప్రాసెసర్లలో ఆర్‌ఐపీ (తర్వాత నడపాల్సిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామా ఉండే రిజిస్టర్) అప్పటికే ఒక బైటు ముందుకు జరిగి ఉంటుంది. వెనక్కి లాగకుండా వదిలితే ఇన్‌స్ట్రక్షన్ మధ్యలోంచి నడుస్తుంది. క్రాష్ మాత్రం ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. ఆర్మ్64 ప్రాసెసర్లలో ఈ బెడద లేదు: అక్కడ ఆర్‌ఐపీ పని చేసే పీసీ బ్రేక్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే నిలుస్తుంది.

మెమరీ చదవడానికీ రాయడానికీ ఫ్రీబీఎస్‌డీలో వాడే పీటీ ఐఓకి బదులు ప్రాక్‌లోని మెమ్ ఫైల్‌ను పీరీడ్, పీరైట్‌లతో వాడండి. పీట్రేస్‌లోని పీక్‌డేటా ఒక్కో వర్డే ఇస్తుంది. పైగా అది −1 ఇస్తే డేటానో ఎర్రరో తేల్చడానికి ముందే ఎర్నోను (ఎర్రర్ కోడ్ ఉండే వేరియబుల్‌ను) సున్నా చేసుకోవాలి.

ఇక ఈఎస్‌ఆర్‌సీహెచ్ అనే ఎర్రర్ కోడ్. "అలాంటి ప్రాసెస్ లేదు" అన్న దాని మాట నమ్మకండి. థ్రెడ్ బతికే ఉండి ఇంకా ఆగకపోయినా అదే వస్తుంది. మీ డీబగ్గర్‌లో సీజ్ చేసిన థ్రెడ్ నుంచి కాక వేరే థ్రెడ్ నుంచి పిలిచినా అదే వస్తుంది. అందుకే పీట్రేస్ కాల్స్ అన్నిటినీ ఒకే థ్రెడ్‌కు అప్పగించి, మిగతావి దానికి క్యూలో పని పంపేలా రాయాలి.