వెంకటనరసు గడ్డివాము

మన లా కాలేజీ బ్యాచ్ మళ్లీ కలుస్తున్న సందర్భంగా వేస్తున్న సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి "అక్కా, రెండు మూడు పేజీలు చాలు, ఆ మూడేళ్ల గురించీ రాసెయ్" అన్నారు. మూడేళ్ల గురించి రాసేవాళ్లు మన 1991-94 బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. మనం పెట్టుకున్న పేర్లతోనే చెబుతాను. మెస్ గురించి లార్డ్ ఆట్కిన్ రాస్తాడు. ఎన్నికల గురించి కంచరపాలెం అన్న వదిలిపెట్టడు. జైలు విజిట్ రోజు బస్సులో జరిగింది హేబియస్ అక్క రాయకపోతే ఇంకెవరు రాస్తారు? అందుకని నాకు మిగిలింది ఎవిడెన్స్, అంటే సాక్ష్య చట్టం, చెప్పిన మాస్టారు. నిజానికి కమిటీ అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది కూడా ఆయనే. పేరు రాయక్కర్లేదు. మనలో మనం "మాస్టారు" అంటే ఎవరో అందరికీ తెలుసు.

మొదటి ఏడాది నాకు పెద్దగా గుర్తులేదు. పలాస నుంచి ప్యాసింజర్ బండెక్కి ట్రంకు పెట్టెతో విశాఖ స్టేషన్‌లో దిగడం గుర్తుంది. సిరిపురం నుంచి నడిచి యూనివర్సిటీలోకి రాగానే ఆ చెట్లు చూసి ఇది చదువుకునే చోటే అని ధైర్యం తెచ్చుకోవడం గుర్తుంది. మా అమ్మ జీడిపిక్కలు ఒలిచేది. జీడి పాలు తగిలి ఆవిడ వేళ్ల చర్మం నల్లబడి ఊడిపోతుండేది. ఆ చేతులతో ఇచ్చిన డబ్బుతో ఫీజు కట్టాను కాబట్టి క్లాసు ఎగ్గొట్టే ధైర్యం నాకు లేకపోయింది. కాంట్రాక్ట్స్, టార్ట్స్ అన్నీ ఆ ఏడాదే చదివాం. పరీక్షలు రాశాం, పాసయ్యాం. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రెండో ఏడాది మాస్టారు వచ్చారు.

మొదటి రోజే బేర్ యాక్ట్ (వ్యాఖ్యలు లేని చట్టం పుస్తకం) తీయబోయిన వాళ్లందరినీ "మూసేయండమ్మా, మూసేయండయ్యా" అన్నారు కదా. హాజరు పట్టీలో పేర్లు చూడకుండా ఊళ్ల పేర్లు అడిగారు. ఆ రోజు నుంచి మనకు అవే పేర్లు. నేను పలాస, నువ్వు పార్వతీపురం, ఆ కిటికీ పక్క కూర్చునేవాడు చోడవరం. తర్వాత బోర్డు వైపు తిరిగి ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ఒక హత్య కేసులో ముద్దాయి సైదయ్య పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం మొత్తం రాశారు. గడ్డివాము బెంచీ వాళ్లకి అది ఇప్పటికీ నోటికి వచ్చే ఉంటుంది.

"పద్నాలుగు రోజుల కిందట నేనూ, కోటయ్యా, మా పార్టీ వాళ్లూ పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు మూల శివయ్య వాళ్ల కోసం కాపు కాశాం. అందరం కలిసి శివయ్యనీ సుబ్బయ్యనీ కొట్టి చంపాం. మిగిలిన వాళ్లు పారిపోయారు. మా పార్టీలో రామయ్యకి చేతుల మీద దెబ్బలు తగిలాయి. అతని చేతిలో ఈటె ఉంది. అది నాకిచ్చాడు. దాన్నీ నా కర్రనీ ఊళ్లో వెంకటనరసు గడ్డివాములో దాచాను. మీరొస్తే చూపిస్తాను. ఇదంతా కోటయ్య చెయ్యమంటేనే చేశాం."

గుంటూరు జిల్లా కేసు. గొడవ జరిగింది 1944 డిసెంబరు 29న. ఈ మాటలు మధ్యవర్తులనామాలో, అంటే సాక్షుల ఎదుట రాసిన కాగితంలో, రాసింది 1945 జనవరి 12 పొద్దున, ఒక సత్రం ముందు. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టుకి, అక్కణ్ణుంచి లండన్‌లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్‌కి వెళ్లింది. 1946 డిసెంబరులో తీర్పు. పులుకూరి కోటయ్య కేసు అంటే ఇవాళ దేశంలో ఏ మూల కోర్టులోనైనా జడ్జిగారు తలూపుతారు. ఒక పల్లెటూరి గడ్డివాము పేరు లండన్ తీర్పులోకి ఎక్కిందని ఆ రోజు నాకు ఒళ్లు జలదరించింది. మా ఊళ్లాంటి ఊరే కదా అది కూడా.

మాస్టారు సుద్దముక్క నా చేతికిచ్చి "పలాసా, ఇందులో ఏ వాక్యం కొట్టేస్తావు?" అన్నారు.

ఆ ప్రశ్న ఎన్ని వారాలు సాగిందో మీకందరికీ గుర్తే. రోజుకి ఒకరు బోర్డు దగ్గరికి. పోలీసులకి చెప్పిన నేరాంగీకారం సాక్ష్యం కాదు, అది ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 25. కస్టడీలో చెప్పింది మెజిస్ట్రేటు ఎదుట తప్ప చెల్లదు, అది 26. ఆ రెండు గోడల మధ్య చిన్న తలుపు 27. ముద్దాయి చెప్పిన మాట వల్ల ఒక విషయం బయటపడితే, ఆ విషయానికి నేరుగా సంబంధించినంత వరకే ఆ మాట చెల్లుతుంది. చెప్పడానికి ఇంతే. "రామయ్య ఈటె నాకిచ్చాడు" అన్నది ఉంచాలా, కొట్టాలా అన్న దగ్గరే లార్డ్ ఆట్కిన్‌కీ హేబియస్ అక్కకీ రెండు రోజులు మాటల్లేవు. ఉంచాలని ఆట్కిన్ వాదన. ఈటె దొరికింది కదా, ఎవరిచ్చారో కూడా దాంతో వచ్చినట్టే అని. మాస్టారు అడ్డుపడలేదు. చివరికి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "గడ్డివాములో చెయ్యి పెడితే ఏం తగిలింది నాయనా? ఈటె తగిలింది. రామయ్య తగిలాడా?"

ఆ రోజుతో బోర్డు మీద రెండే మాటలు మిగిలాయి. దాచాను. మీరొస్తే చూపిస్తాను. ప్రివీ కౌన్సిల్ కూడా అంతవరకే ఉంచింది.

ఎందుకు ఇంత కఠినంగా కొట్టేయాలో ఆయన చెప్పిన తీరు నేనిప్పటికీ మరిచిపోలేదు. దొరికిన వస్తువే బయటపడిన విషయం అనుకోకూడదు. అది ఎక్కడుందో ఆ చోటూ, అక్కడుందన్న సంగతి ముద్దాయికి తెలుసన్నదీ బయటపడిన విషయం. ఇంటి కప్పులో కత్తి దాచానని ఒకడు చెబితే, లోకంలో కత్తి అనేది ఉందని కొత్తగా కనిపెట్టినట్టు కాదు. ఆ కత్తి ఆ కప్పులో ఉందని వాడికి తెలుసని తేలింది. దాంతోనే పొడిచానని వాడన్న మాట మాత్రం లోపలికి రాదు. ఒక వస్తువు దొరికితే చాలు మొత్తం ఒప్పుకోలు చెల్లుతుందంటే, ఒప్పుకోలులో ఒక వస్తువు పేరు చేర్పించడం పోలీసులకి కష్టమేమీ కాదు, ఇక నిషేధానికి అర్థమే ఉండదు అని తీర్పు రాసిన సర్ జాన్ బ్యూమాంట్ అన్నారు. మాస్టారు ఈ మాట చెప్పేటప్పుడు గొంతు పెంచేవారు కాదు. "స్టేషన్‌లో అర్ధరాత్రి ఒక్కడే కూర్చున్న మనిషి వైపు నిలబడ్డ సెక్షన్లమ్మా ఇవి" అనేవారు.

కోటయ్య అయ్యాక పాకాల నారాయణస్వామి. అదీ మన ప్రాంతం కేసే. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో రైలు మూడో తరగతి పెట్టెలో ఒక ట్రంకు, అందులో శవం. చనిపోయిన మనిషి పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతుగా చేసినవాడు. రావలసిన డబ్బు కోసం బరంపురం వెళుతున్నానని భార్యకి చెప్పి బయల్దేరాడు. ఆ మాట మరణ వాంగ్మూలంగా చెల్లుతుందా? చెల్లుతుందని 1939లో లార్డ్ ఆట్కిన్, అంటే అసలు ఆట్కిన్, తీర్పిచ్చాడు. చావుకి దారితీసిన పరిస్థితుల గురించి మనిషి చెప్పిన మాట, అప్పటికి చస్తానన్న భయం లేకపోయినా, సాక్ష్యమే. "పలాసా, నువ్వు ఇంటికెళ్లే లైను మీదే ఉందమ్మా ఈ కేసు" అన్నారు మాస్టారు. ఆ పండక్కి ఊరెళుతుంటే బండిలో అందరి ట్రంకులూ చూస్తూ కూర్చున్నాను.

మిగతా వాళ్ల పాఠాలు తక్కువని కాదు. రాజ్యాంగం మేడం గోలక్‌నాథ్ కేసు చెప్పిన రోజు, ఆ 1967 తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావుగారు మన రాజమండ్రి మనిషని క్లాసంతా నిటారుగా కూర్చుంది. 1992 నవంబరులో మండల్ తీర్పు వచ్చినప్పుడు కృష్ణా లైబ్రరీ మెట్ల మీద జరిగిన వాదనలు రాస్తే ఈ సంచిక చాలదు. అవి ఎవరైనా రాయండి. మూడో ఏడాది గురించి నన్నడక్కండి. మూట్ కోర్టు, అంటే సాధన కోసం వాదించే నమూనా కోర్టు, తప్ప ఒక్క రోజు కూడా నాకు విడిగా గుర్తురాదు.

హైదరాబాదులో అడ్వొకేటుగా ఎన్‌రోల్ అయి శ్రీకాకుళం కోర్టుకి వచ్చాను. మొదట వెళ్లిన సీనియర్ ఒకాయన "ఆడపిల్లవి, క్రిమినల్ సైడ్ ఎందుకమ్మా, నోటరీ పని చూసుకో" అన్నారు. నేను వేరే ఆఫీసు చూసుకున్నాను. పొద్దున్నే బస్సులో రావడం, రాత్రి ఆఖరి బస్సులో వెళ్లడం, మధ్యలో వాయిదాలు. చాలా ఏళ్లు అలాగే గడిచాయి. తర్వాత పేదల తరఫున వాదించే లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో వేశారు. ఆ ప్యానెల్ మీదే నా దగ్గరికి ఒక హత్య కేసు వచ్చింది. ముద్దాయి కూలి మనిషి. పొలం గట్టు తగాదా. బెయిలు పెట్టే దిక్కు లేక అప్పటిదాకా రిమాండ్‌లోనే ఉన్నాడు. కళ్లతో చూసిన సాక్షి లేడు. ఉన్నదల్లా ఒక కత్తి, ఒక మధ్యవర్తుల నివేదిక.

నివేదిక సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే పెన్సిల్ తీసుకున్నాను. సైదయ్య మాటలే మళ్లీ చదువుతున్నట్టు అనిపించింది. కాపు కాశాను, పొడిచాను, ఫలానా చోట దాచాను, మీరొస్తే చూపిస్తాను. ఒక్కో వాక్యం కొట్టుకుంటూ వచ్చాను. ట్రయల్‌లో ప్రాసిక్యూషన్ ఆ కాగితం మొత్తాన్ని ఎగ్జిబిట్‌గా మార్క్ చేయబోతుంటే లేచి నిలబడి కోటయ్య తీర్పు చెప్పాను. జడ్జిగారు పూర్తిగా విన్నారు. చెల్లే రెండు వాక్యాల వరకే మార్క్ చేయించారు. తర్వాత మధ్యవర్తిని క్రాస్ ఎగ్జామిన్ చేశాను. కత్తి దొరికిన తుప్పలు చెరువు గట్టు మీద ఉన్నాయని, ఊరి పశువులన్నీ అటే పోతాయని, ఎవరైనా అక్కడికి వెళ్లొచ్చని చెప్పాడు. నివేదిక స్టేషన్‌లో కూర్చుని రాశారని కూడా ఒప్పుకున్నాడు. ఇక ఆ కత్తికి విలువేముంది? కేసు కొట్టేశారు. ఆ మనిషి తల్లి కోర్టు వరండాలో నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె వేళ్లు మా అమ్మ వేళ్లలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం మాస్టారికి ఫోన్ చేశాను. అప్పటికి రిటైరై ఎం.వి.పి. కాలనీలో ఉంటున్నారు. కేసు గెలిచామని చెబితే అభినందనలు ఏమీ చెప్పలేదు.

"ఎక్కడ దాకా కొట్టేశావమ్మా పలాసా?"

"'దాచాను' ముందు దాకా మాస్టారూ."

"'పొడిచిన కత్తి' అన్న మాటలో 'పొడిచిన' పోయిందా?"

"పోయింది మాస్టారూ."

"సరే అయితే. అన్నం తిన్నావా?"

తర్వాత కొన్నాళ్లు అడిషనల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా కూడా చేశాను. అటువైపు కూర్చున్నప్పుడూ నివేదికలు చదివింది అదే పెన్సిల్‌తో. స్టేషన్ల నుంచి వచ్చే ఎస్సైలకి, చెల్లని వాక్యం రాస్తే మన కేసే బలహీనపడుతుందని ఓపిగ్గా చెప్పేదాన్ని. కొందరు విన్నారు కూడా. పలాసలో అమ్మకి చిన్న ఇల్లు కట్టించాను. ఆవిడ ఇప్పుడు జీడిపిక్కలు ముట్టుకోదు. పెద్దమ్మాయి నా గౌను వేసుకునే మొదటి వకాల్తా దాఖలు చేసింది. మా బారులో ఆడవాళ్లు ఇవాళ ఒక వరస నిండా కూర్చుంటారు. అందులో నా జూనియర్లూ ఉన్నారు. ఈ మాటలు రాసేటప్పుడు నాకు సంతోషంగానే ఉంది, దాచుకోను.

హుద్‌హుద్ వచ్చిన 2014లో ఒకసారి క్యాంపస్‌కి వచ్చాను. మన చెట్లు చాలా పడిపోయి ఉన్నాయి. మాస్టారు అప్పటికే లేరు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాక జూనియర్లు కంగారు పడ్డారు. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ పోయింది, భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, మళ్లీ మొదటి నుంచా అని టెన్షన్. 25, 26, 27 మూడూ ఇప్పుడు సెక్షన్ 23లో ఉన్నాయి. మన 27 అందులో మినహాయింపుగా చేరింది. మాటలు దాదాపు అవే. మా బార్ రూములో బోర్డు లేకపోతే గోడ క్యాలెండర్ వెనక్కి తిప్పి సైదయ్య వాంగ్మూలం రాసి చూపించాను.

కమిటీకి నాదొక మనవి. కలిసే రోజు సన్మానాలు, శాలువాలు మధ్యాహ్నం పెట్టుకోండి. పొద్దున ఒక గంట మూట్ కోర్టు హాలు, ఒక బోర్డు ఇప్పించండి. ఇప్పుడు చదువుతున్న పిల్లలని, ముఖ్యంగా ఇంట్లో మొదటి తరం చదువుకుంటున్న వాళ్లని, ముందు వరసలో కూర్చోబెట్టండి. వాంగ్మూలం నేను రాస్తాను. లార్డ్ ఆట్కిన్, రామయ్య ఈటె గురించి నువ్వు వాదించాలి. హేబియస్ అక్కా, నువ్వు ఒప్పుకోకూడదు. పిల్లలు ఏ వాక్యం కొట్టేస్తారో చూద్దాం.