పాత ఫొటోల్లో మబ్బులు ఎందుకు ఉండవు?

1850లు, 60ల నాటి ఆరుబయటి ఫొటోలు వరసగా ఓ పది చూడండి. చాలావాటిలో ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది, మబ్బు తునక కూడా కనిపించదు. ఎర్రటి బట్ట నల్లగా, నీలికళ్లు పాలిపోయినట్టు ఉంటాయి. ప్రింటు వెలిసిపోయిందేమో అనుకుంటాం గానీ, ప్లేటు (ఫొటో పడే గాజుపలక) మీది రసాయనమే అంత. వెండి లవణాలు సహజంగా స్పందించేది నీలం, ఊదా, అతినీలలోహిత కాంతికే. ఎరుపు వాటి దృష్టిలో చీకటి. నీలాకాశమూ తెల్లమబ్బూ రెండూ ప్లేటును ఒకేలా మాడ్చేస్తాయి.

పనిచేసేవాడికి మాత్రం ఈ గుడ్డితనమే సౌకర్యం. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి చూస్తే ఎందుకో తెలుస్తుంది. గన్‌కాటన్‌ను (ఆమ్లాలతో శుద్ధిచేసిన దూదిని) ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరిగించి, అయొడైడ్, బ్రోమైడ్ లవణాలు కలపాలి. మచ్చ లేకుండా తుడిచిన గాజుపలక మధ్యలో దాన్ని పోసి, నాలుగు మూలలకూ పాకేలా వంచి, మిగిలింది చివరి మూల నుంచి సీసాలోకి ఒంపేయాలి. పొర జిగటపడగానే ఎర్రదీపం వెలుగులో, అంటే ప్లేటుకు చీకట్లో, సిల్వర్ నైట్రేట్ తొట్టిలో 3, 4 నిమిషాలు ముంచాలి. అక్కణ్నుంచి ఫొటో తీయడం, డెవలప్ చేయడం రెండూ తడి ఆరకముందే అయిపోవాలి. చేతిలో ఉండేది 10-15 నిమిషాలు, వేడి ఎక్కువైతే అంతకూడా ఉండదు. ఆరితే పొర బిగుసుకుపోయి డెవలపర్ (బొమ్మను తేల్చే ద్రావణం) లోపలికి దిగదు. ఆ రోజుల్లో ఫొటోగ్రాఫర్లు డార్క్‌రూమ్ గుడారాన్ని వెంట మోసుకు తిరిగింది ఇందుకే.

పని ఎక్కువగా చెడేది డెవలపర్ దగ్గర. ఐరన్ సల్ఫేట్ ద్రావణాన్ని పలక అంచు వెంట ఒక్క ఊపులో పారించాలి. ఒకేచోట ధార కడితే అక్కడి సిల్వర్ నైట్రేట్ కొట్టుకుపోయి, బొమ్మ సరిగా తేలక మచ్చ మిగులుతుంది. 15-20 సెకన్లలో నీళ్లు పోసి ఆపాలి, ఆలస్యమైతే నీడలన్నీ మసకేస్తాయి. తర్వాత వెలుగు తగలని వెండి లవణాన్ని హైపో (సోడియం థయోసల్ఫేట్) కరిగించేస్తుంది. హైపోకి ఈ గుణముందని ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు, ఫొటోగ్రఫీ ఇంకా పుట్టకముందే!

మబ్బులు కావాలనుకున్నవాళ్లు ఊరుకోలేదు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లెగ్రే 1850ల్లోనే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ వాడి రెండిటినీ ఒకే ప్రింటులో కలిపాడు. ఫొటోలు మార్చడం కంప్యూటర్లతో మొదలైందనేవాళ్లు ఈ ప్రింట్లు ఒకసారి చూడాలి. ప్లేటులో రంగు కలిపితే ఆకుపచ్చ కాంతి కూడా నమోదవుతుందని 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫోగెల్ కనిపెట్టాడు. 1906లో ఎరుపుతో సహా అన్ని రంగులకూ స్పందించే ప్లేట్లు అమ్మకానికి వచ్చాయి. దాంతో ఎర్రదీపం ఆరిపోయింది, కటిక చీకట్లో పనిచేయాల్సి వచ్చింది.

కదలిక సంగతి వేరే. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగేర్ తీసిన పారిస్ వీధి ఫొటోలో దారి దాదాపు నిర్మానుష్యం. జనం లేక కాదు. ఎక్స్‌పోజర్ (ప్లేటు మీద వెలుగు పడే సమయం) నిమిషాల తరబడి సాగడంతో నడిచేవాళ్లెవరూ నమోదు కాలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు.

ఇప్పటి సెన్సర్‌కూ ఇలాంటి పరిమితులున్నాయి. ఎక్కువ కెమెరాల్లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మిగతా రెండు రంగులనూ చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి సాఫ్ట్‌వేర్ అంచనా కడుతుంది. సన్నటి నేత బట్ట మీద లేని రంగుచారలు తేలేది ఈ అంచనా తప్పినప్పుడే. సెన్సర్ పైనుంచి కిందికి వరసలవారీగా చదువుతుంది కాబట్టి తిరిగే ఫ్యాను రెక్క వంకరపోతుంది, ఎల్ఈడీ వెలుగులో అడ్డపట్టీలు పడతాయి. 50 హెర్ట్జ్ కరెంటుంటే షట్టర్ 1/50 లేదా 1/100 సెకనుకు పెట్టండి, చాలావరకు పోతాయి. 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/120. కొన్ని చవక ఎల్ఈడీలు దీనికీ లొంగవు. ఫోన్లు చాలాసార్లు వెంటవెంటనే తీసిన అనేక ఫ్రేములను కలిపి ఒక ఫొటోగా ఇస్తాయి కనుక, కదిలే చెయ్యి ఒక్కోసారి రెండుగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఫొటో నకిలీదని తేల్చేయకూడదు.

ఫొటోను రుజువుగా వాడే చోట ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే సాధారణంగా సైజు తగ్గుతుంది, మళ్లీ కంప్రెస్ అవుతుంది, తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి. కాబట్టి డాక్యుమెంటుగా పంపండి, అసలు ఫైలును ఎడిట్ చేయకుండా దాచండి, దాని ఎస్‌హెచ్ఏ-256 హాష్ (ఫైలు నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి కోడ్) తీసి తేదీతో రాసిపెట్టండి. ఒక్క బిట్ మారినా హాష్ మారిపోతుంది. ఫైల్లోని సమయాన్ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. అది కెమెరా గడియారం చెప్పిన సమయం, పైగా ఎవరైనా మార్చగలిగేదే.