కోనసీమ దొడ్లో ఆర్టిచోక్: రెండేళ్ళ నా అనుభవం

మా పిన్ని కువైట్‌లో పదహారేళ్ళు ఒక లెబనాన్ కుటుంబం ఇంట్లో వంట చేసింది. కోనసీమలో ఇదేం కొత్త సంగతి కాదు. ఏ ఊరికెళ్ళినా గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు కనిపిస్తారు. బాబాయి పోయాక పిన్ని మా ఇంట్లోనే ఉంటోంది. అక్కడి కబుర్లు చెప్పమంటే మనుషుల గురించి తక్కువ, వంటల గురించి ఎక్కువ చెప్తుంది. ఆ మాటల్లో పదేపదే వచ్చే పేరు 'అర్దీ షౌకీ'. అర్ద్ అంటే నేల, షౌక్ అంటే ముల్లు. మనం ఆర్టిచోక్ అనేది దాన్నే, విచ్చుకోని పూమొగ్గని వండుకు తినే మొక్క.

"ఎన్ని వేల మొగ్గలు ఒలిచానో లెక్కలేదురా. మొక్క ఎలా ఉంటుందో మాత్రం ఒక్కసారీ చూళ్ళేదు" అంది ఒక రోజు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. కొబ్బరి, అరటి, కంద పెంచే వాణ్ణి, ఒక్క మొక్క పెంచి చూపించలేనా అనుకున్నాను.

కడియం వైపు వెళ్ళినప్పుడు నాలుగైదు నర్సరీల్లో అడిగాను. ఎక్కడా లేదు. ఒకాయన ఫోన్లో ఫొటో చూసి, "ఇది చలి దేశాల మొక్కండి, మన దగ్గర కష్టమండి ఆయ్" అన్నాడు. ఆయన చెప్పింది నిజమని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

ఆన్‌లైన్‌లో గింజలు తెప్పించి, మొదటిసారి ఫిబ్రవరిలో నాటాను. గింజ చూస్తే కుసుమ గింజ గుర్తొచ్చింది. చుట్టరికం కూడా ఉంది. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు ఉండే కుటుంబమే ఇదీ, అందులోనూ కుసుమకి మరీ దగ్గర. మొలకలు బాగానే వచ్చాయి. వెండి రంగు కలిసిన ఆకుపచ్చ ఆకులు, అంచుల్లో కోతలు, చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. ఏప్రిల్ ఎండకి అంచులు మాడాయి. పొద్దున నీళ్ళు పోస్తే మధ్యాహ్నానికి తలలు వాల్చేసేవి. తాటాకులు అడ్డం పెట్టి ఎలాగో వేసవి గట్టెక్కించాను. జులైలో వానలు మొదలయ్యాయి. మాది బంక ఒండ్రు నేల. వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి. మూడు వారాల్లో మొక్కల మొదళ్ళు మెత్తబడి, లాగితే చేతికి ఊడొచ్చాయి. ఒక్క మొగ్గ కూడా చూడలేదు. పిన్ని నన్నేమీ అనలేదు. కుళ్ళిన మొదలు చేత్తో పట్టుకుని కాసేపు చూసి, పారేసింది.

ఆ తర్వాతే కూర్చుని చదివాను. ముందే చదవాల్సింది.

ఆర్టిచోక్ పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల. ఇటలీ, ఈజిప్ట్, స్పెయిన్ బాగా పండిస్తాయి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. మనకి సరిగ్గా తిరగేసి. అక్కడ ఒకసారి నాటితే కొన్నేళ్ళు ఉండే మొక్క, మన దగ్గర వేసవీ వానాకాలమూ రెండూ దాటడం కష్టం. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఈ మొక్క కొంతకాలం చలి చూస్తేనే మొగ్గ తొడుగుతుంది. రకాన్ని బట్టి మారినా, 10 డిగ్రీల లోపు చలి సుమారు 250 గంటలు కావాలంటారు. మా ఊళ్ళో పుష్యమాసం తెల్లవారుజామున కూడా 17, 18 డిగ్రీలే. అంటే నా మొదటి మొక్కలు కుళ్ళకుండా బతికినా ఆకులే పెంచుకుంటూ పోయేవి.

దీనికి రెండు దారులు కనిపించాయి. ఒకటి, గింజకే ముందుగా చలి చూపించడం. రెండోది, జిబ్బరెల్లిక్ ఆసిడ్ పిచికారీ. ద్రాక్ష రైతులు గింజలేని రకాల్లో కాయ సైజు పెరగడానికి వాడే హార్మోనే అది. కాలిఫోర్నియా ఎడారి ప్రాంతాల్లో ఆర్టిచోక్‌ని ఏడాది పంటగా వేసేవాళ్ళు చలికి బదులు దీన్ని వాడతారు. నేను రెండూ చేద్దామనుకున్నాను. చలి తక్కువైనా సరిపెట్టుకునే రకాలు ఉన్నాయి, మొదటి ఏడే మొగ్గ వేయడానికి తయారుచేసినవి. ఈసారి వాటి గింజలే తెప్పించాను.

జులై ఆఖరి వారంలో 12 గింజలు ఒక రాత్రి నానబెట్టి, కడిగిన ఇసుకని కొద్దిగా తడిపి అందులో కలిపి, చిన్న డబ్బాలో వేసి ఫ్రిజ్ కింది సొరుగులో పెట్టాను. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకడితే గింజ చచ్చిపోతుంది. నాలుగు వారాలు ఉంచాను. వారానికోసారి మూత తీసి, ఇసుక ఆరిందేమో చూసి నాలుగు చుక్కలు చల్లేవాణ్ణి. ఆ పని రెండో వారం నుంచి పిన్ని తీసుకుంది. పచ్చళ్ళ డబ్బాలు పై అరకి మార్చేసింది. తలుపు ఊరికే తీయొద్దని పిల్లలకి గట్టిగా చెప్పింది.

ఆగస్టు ఆఖరున కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్ట్ సగం సగం కలిపి పేపర్ గ్లాసుల్లో నాటాను. పన్నెండింటిలో ఎనిమిది మొలిచాయి. రెండిటిని నత్తలు ఒక్క రాత్రిలో తినేశాయి. మిగతా ఆరిటినీ బల్ల మీదకి ఎక్కించి, బల్ల కాళ్ళ కింద ఉప్పునీళ్ళ గిన్నెలు పెట్టాను.

నీళ్ళు నిలవకుండా చూడ్డానికి నేను పడ్డ కష్టమే అన్నిటికంటే పనికొచ్చింది. డెల్టాలో ఉన్నవాళ్ళెవరైనా ఈ మొక్క వేయాలనుకుంటే చలి గురించి తర్వాత, ముందు దీని గురించి ఆలోచించమంటాను. దొడ్లో ఎత్తుగా ఉన్న చోటు, పొద్దుటి ఎండ నిండుగా పడి మధ్యాహ్నం మూడు తర్వాత కొబ్బరిచెట్ల నీడ వచ్చే చోటు చూసుకున్నాను. నేల తవ్వలేదు. నేల మీదే రెండడుగుల ఎత్తు మడి కట్టాను. అడుగున కొబ్బరి డొక్కలు బోర్లా పరిచి, మీద విరిగిన పెంకులు, ఆ పైన గోదావరి లంక నుంచి తెప్పించిన ఇసుక కలిసిన మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ళ వేపపిండి. చుట్టూ అరటి తోటలో తీసినట్టే బోదె తీసి, దాన్ని వీధి కాలువలోకి కలిపాను. ఈ మొక్క పెరిగితే మూడు నాలుగడుగుల వెడల్పు విచ్చుకుంటుంది. అందుకని మొక్కకీ మొక్కకీ నాలుగడుగులు వదిలాను.

అక్టోబర్ రెండో వారంలో ఆరు మొక్కలూ మడిలోకి మార్చాను. నెలాఖరుకి వాయుగుండం. మూడు రోజులు ఒకటే వాన. రెండో రాత్రి కరెంటు లేదు. టార్చ్ పట్టుకుని వెళ్ళి చూస్తే దొడ్డంతా పాదం మునిగే నీళ్ళు, మడి మాత్రం పైకి తేలి ఉంది. బోదెలో అడ్డుపడిన ఆకులు చేత్తో తీసి నీళ్ళు కదిలించాను. గాలికి మూడు మొక్కల ఆకులు చీలాయి. వాన తగ్గాక ఒక మొక్క మొదలు నల్లబడింది. దాన్ని వెంటనే పీకి దూరంగా పారేశాను. ఇంకో రెండు కుంగిపోయి, నవంబర్ మొదట్లో పోయాయి. చివరికి మూడే మిగిలాయి.

ఆ మూడూ చలిగాలి మొదలవగానే ఎదిగిన తీరు చెప్పాలి. కార్తీకం వెళ్ళేసరికి ఒక్కో ఆకు మూరెడు పొడవు. పొద్దున మంచు పడి, ఆకుల మీది సన్నని నూగులో చుక్కలు నిలబడి ఉండేవి. పిన్ని రోజూ దీపం పెట్టాక అక్కడికే వెళ్ళేది.

ఇక జిబ్బరెల్లిక్. పురుగుమందుల షాపులో అడిగితే ద్రావణం సీసా ఇచ్చారు. ఇంటికొచ్చి లేబుల్ చూస్తే 0.001 శాతం అని ఉంది. అంటే లీటరుకి 10 మిల్లీగ్రాములే. నాకు కావలసింది లీటరుకి 25 మిల్లీగ్రాములు. నీళ్ళు కలపకుండా కొట్టినా చాలదు. తిరిగిచ్చేసి, 90 శాతం పొడి ఒక గ్రాము పొట్లం తెప్పించాను. అందులోంచి 100 మిల్లీగ్రాములు తూచి తీయాలి. ఇంట్లో కాటాకి అంత చిన్న తూకం తెలీదు. మా ఊరి కంసాలి గారి దగ్గరికి వెళ్ళాను. బంగారం తూచే కాటా మీద కాగితం పెట్టి, సున్నా చేసి, పొడి కొంచెం కొంచెం వేస్తూ 0.100 దగ్గర ఆపారు. మూడు సార్లకి మూడు పొట్లాలు కట్టి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు, కాయ వస్తే చూపించమన్నారు.

ఈ పొడి నీళ్ళలో తొందరగా కరగదు. ముందు రెండు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో కరిగించి, తర్వాత నీళ్ళలో కలపాలి. 90 శాతం పొడి కాబట్టి 100 మిల్లీగ్రాములకి మూడున్నర లీటర్ల నీళ్ళు సరిపోతాయి. మొక్క మడిలో నాటిన ఆరు వారాలకి మొదటిది, తర్వాత రెండు వారాలకొకటి చొప్పున మొత్తం మూడు సార్లు, సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టాను. ఎక్కువ కొడితే మొక్క సన్నగా సాగిపోతుందని చదివాను, అందుకని కొలత దాటలేదు. కలిపిన మందు దాచకుండా, మిగిలినది ఆ రోజే పారేశాను. ఒక మొక్కని మాత్రం కావాలనే వదిలేశాను. ఫ్రిజ్‌లో పెట్టిన చలి ఒక్కటే సరిపోతుందేమో తెలియాలి కదా.

డిసెంబర్‌లో పేనుబంక పట్టింది. లేత ఆకుల అడుగున నల్లగా, చీమలు వెంట తిరుగుతూ. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి నాలుగు రోజులకొకసారి కొట్టాను. తగ్గింది.

సంక్రాంతి వెళ్ళిపోయింది. ఏమీ లేదు. నాకు టెన్షన్ పెరిగింది, ఎందుకంటే ఎండలు ముదిరితే మొగ్గ గట్టిపడకముందే విచ్చుకుని పీచు పట్టేస్తుంది. జనవరి 24న పిన్ని దొడ్లోంచి గట్టిగా పిలిచింది. ఆకుల నడి మధ్యలో, నిమ్మకాయంత ఆకుపచ్చ మొగ్గ, పొలుసులు ఒకదాని మీద ఒకటి బిగుసుకుని. పిన్ని దాన్ని ముట్టుకోలేదు. పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయింది. పదహారేళ్ళు చేతుల్లో నలిగినది, కాడ మీద నిలబడి ఉండగా చూడటం అదే మొదలు.

మందు కొట్టిన రెండు మొక్కలకీ కలిపి ఏడు మొగ్గలు వచ్చాయి. కొట్టని మొక్క ఉగాది దాకా ఆకులతోనే ఉంది. ఒక్క మొక్కని చూసి ఖాయంగా చెప్పలేను గానీ, మా ఊరికి ఫ్రిజ్ ఒక్కటే చాలదని నాకనిపించింది.

మొగ్గ చిన్న బత్తాయంత అయ్యాక, పొలుసులు ఇంకా బిగువుగా ఉండగానే, మూడంగుళాల కాడతో సహా కోయాలి. మొదటిది కోసి కంసాలి గారికి చూపించి తెచ్చాను. అరటిపువ్వు ఒలిచే చేతులకి ఇది కొత్తగా అనిపించదు. పై రేకలు తీస్తూ పోతే లోపల లేతవి వస్తాయి, కోయగానే నల్లబడుతుంది. పిన్ని అక్కడ నిమ్మరసం నీళ్ళలో వేసేదట. ఇక్కడ అరటిపువ్వుకి చేసినట్టే పలచని మజ్జిగలో వేసింది, చక్కగా తెల్లగా నిలిచింది. ఉప్పు వేసిన నీళ్ళలో ముప్పావుగంట ఉడికించాం. రేక ఒక్కొక్కటీ లాగి, మునక్కాడ తిన్నట్టే పళ్ళతో అడుగున ఉన్న గుజ్జు గీసుకోవాలి. నడిమధ్యన నూగు ఉంటుంది, గొంతుకి అడ్డం పడుతుంది. దాన్ని చెంచాతో గోకి పారేస్తే అడుగున మిగిలే దిమ్మే అసలు రుచి. లేత పనసగింజ, కొంచెం కంద, చివర్న చిరు చేదు. తిన్నాక మంచినీళ్ళు తాగితే ఉసిరికాయ తిన్నట్టు తియ్యగా ఉంటాయి.

తర్వాత కోసిన నాలుగిటి దిమ్మల్లో పిన్ని కీమా నింపి, నిమ్మరసం పిండి, అక్కడి పద్ధతిలో వండింది. అందరికీ రెండేసి ముక్కలు వచ్చాయి. వండినంతసేపూ ఆ ఇంటి పిల్లల గురించి చెప్పింది. వాళ్ళ పేర్లు నేను మొదటిసారి విన్నది ఆ రోజే.

ఒకటి చిన్నగానే ఉండి ముదిరిపోయింది. చివరి మొగ్గని పిన్ని కోయనివ్వలేదు. మార్చి మొదటి వారంలో విచ్చుకుంది. అరచేయంత వెడల్పు, మధ్యలో వంగపువ్వు రంగు కేసరాలు దట్టంగా కుచ్చులాగా. పొద్దున్నే తేనెటీగలు అందులో దొర్లుతుండేవి. పిన్ని ఫొటో తీయించి కువైట్ పంపింది. అటునుంచి వచ్చిన వాయిస్ మెసేజ్ మాకు అర్థం కాలేదు, ఆవిడ మాత్రం మళ్ళీ మళ్ళీ వింది.

పువ్వు అయిపోయాక అరటికి వచ్చినట్టే మొదట్లో పిలకలు వచ్చాయి. మూడు విడదీసి కుండీల్లో పెట్టి, కొబ్బరిచెట్ల నీడలో పందిరి కింద ఉంచాం. కాలువలకి నీళ్ళు ఆపేశారు, బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉన్నాయి. ఒకటి పోయింది, రెండు పచ్చగా ఉన్నాయి. వానాకాలం దాటతాయో లేదో చూడాలి. దాటకపోయినా జులైలో మళ్ళీ గింజలు నానబెడతాను. ఈసారి పదిహేను. ఫ్రిజ్ కింది సొరుగు పిన్ని ఇప్పటికే ఖాళీ చేసి తుడిచి ఉంచింది.