పెలికాన్‌కి ముక్కు ముందు గీయాలి

మా బడి శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర. చలికాలం వచ్చిందంటే మా పిల్లలకి పక్షులంటే తేలినీలాపురం చింతచెట్ల మీద దిగే, ముక్కు కింద సంచి ఉండే పెలికాన్లూ, ఎర్రకాళ్ల కొంగలూ. కొందరి అమ్మమ్మగారిల్లు ఆ ఊళ్లోనే. అయినా "చలికాలం పక్షిని గీయండి" అంటే తరగతిలో దాదాపు అందరూ బాతునే గీశారు. 2 అంకె వేయడం, దానికి పొట్ట తగిలించడం, కన్ను పెట్టడం, కింద నీళ్ల గీతలు. వెనకాల మాత్రం మంచు కొండలు! ఆ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని చుట్టుపక్కల అందరూ అనుకునే మాట వాళ్లూ విన్నారు మరి.

అందుకే మంచు కొండల సంగతి ముందు తేల్చాను. గ్లోబు తెచ్చి చూపించాను. తేలినీలాపురం వచ్చేది ముక్కు మీద చుక్కలుండే బూడిదరంగు పెలికాన్. అదీ, ఎర్రకాళ్ల కొంగా గూళ్లు కట్టుకునేది దక్షిణాసియాలో, ఆగ్నేయాసియాలో. సైబీరియాతో వాటికి పని లేదు. నీళ్లూ, చేపలూ, గూటికి మంచి చెట్టూ ఎక్కడుంటే అక్కడికి మన దేశంలోనే తిరుగుతుంటాయి. నౌపడ వైపు చిత్తడి నేలల్లో తిండి దొరుకుతుంది, ఊళ్లో చెట్టు దొరుకుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లలకి రెక్కలొచ్చాక ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. తర్వాత మేం ఆ ఊరు వెళ్లినప్పుడు ఒక మామ్మ, "పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలమ్మా ఇవి" అంది. నా గ్లోబు కంటే ఆ మాటే పిల్లల మనసులో నాటుకుంది.

సంక్రాంతి సెలవులయ్యాక తీసుకెళ్లాం. అప్పటికి గూళ్లలో పిల్లలుంటాయి. కాబట్టి చెట్ల కిందికి ఎవర్నీ పోనివ్వలేదు. మన అలికిడికి పెద్ద పక్షి లేచిపోతే గూట్లో పిల్ల ఎండకి మాడుతుంది, కాకులకి దొరికిపోతుంది. దూరంగా కూర్చోబెట్టాం. పెన్సిళ్లు సంచుల్లోంచి తియ్యొద్దన్నాను. చేతిలో పెన్సిలుంటే పిల్లలు కాగితం వైపే చూస్తారు, చెట్టు వైపు చూడరు. ఈ విషయంలో నేను పట్టు వదలను. బదులుగా ఒక్కో జట్టుకీ ఒక్కో పని ఇచ్చాను. ఒక జట్టు ముక్కు మాత్రమే చూడాలి. ఇంకొకరు కాళ్లు. మూడో జట్టు ఎగిరేటప్పుడు మెడ ఎలా ఉందో చెప్పాలి.

ముందు మెడ జట్టు కనిపెట్టేసింది. పెలికాన్ ఎగిరేటప్పుడు మెడ వెనక్కి మడిచి తలని భుజాల దగ్గరికి లాక్కుంటుంది. ఎర్రకాళ్ల కొంగ మెడ ముందుకీ, కాళ్లు వెనక్కీ చాపి పోతుంది. ఆకాశంలో ఎంత దూరాన ఉన్నా ఆ ఒక్క తేడాతో ఏది ఏదో చెప్పేయొచ్చు. ఇన్నాళ్లూ ఏ పక్షికైనా రెండు వంపుల గీత గీసి వదిలేసిన పిల్లలు ఆ రోజు ఒకరితో ఒకరు పందేలు కాశారు. ముక్కు జట్టులో వాళ్లు మాత్రం గూడు మీంచి కళ్లు తిప్పలేదు. పిల్ల తన తల మొత్తం తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చి చేప తింటోంది. తల్లి ఆ పిల్లని మింగేస్తోందని ఒక చిన్నది హడలిపోయింది. పక్కనున్న వాడే నచ్చజెప్పాడు.

మర్నాడు బడి వరండాలో గీయడం మొదలుపెట్టాం. కాగితం మీద కాదు, నేల మీద, చాక్‌పీసుతో, పక్షి అసలు సైజులో. ఆ పెలికాన్ ముక్కు దాదాపు అడుగు పొడవుంటుంది. అంటే పిల్లల దగ్గరుండే 30 సెంటీమీటర్ల స్కేలు అంత. స్కేలు నేల మీద పెట్టి దాని వెంట ముక్కు గీయమన్నాను. ముక్కు చివర నుంచి తోక దాకా మొత్తం నాలుగు నుంచి అయిదు అడుగులు రావాలి. "మేడమ్, ముక్కు ఎక్కువైపోనాది!" అని ఒకడి కంగారు. ఎక్కువ కాలేదు, ఆ పక్షే అంత. ముక్కుతో మొదలుపెడితే మిగతాదంతా దానికి తగ్గట్టు పెరుగుతుంది. పొట్టతో మొదలుపెడితే మళ్లీ బాతే వస్తుంది, ముక్కుకి చోటు మిగలదు.

ముక్కు తర్వాత చిన్న తల, వంపు తిరిగిన మెడ, కోడిగుడ్డు ఆకారంలో ఒళ్లు, పొట్టి తోక. పై ముక్కు అంచున చుక్కల వరస. కాళ్ల దగ్గర కాస్త ఆగాం. బాతుకి ముందున్న మూడు వేళ్ల మధ్యే చర్మం ఉంటుంది. పెలికాన్‌కి వెనకవేలితో కలిపి నాలుగు వేళ్లనీ ఆ చర్మం కలుపుతుంది. కొంగ కాలు ఇంకా కష్టం. మోకాలు వెనక్కి వంగినట్టు కనిపిస్తుంది కదా, అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. మాటలతో చెబితే ఎవరికీ ఎక్కలేదు. అందర్నీ మునివేళ్ల మీద నిలబెట్టి, పైకి లేచిన మడమని చేత్తో పట్టుకుని చూడమన్నాను. ఆ తర్వాత గీసిన కొంగలు నిజంగా కాళ్ల మీద నిలబడ్డాయి.

రంగుల దగ్గర ఇంకో చిక్కు. తెలుపు, బూడిదరంగు కలిసిన పక్షి తెల్ల డ్రాయింగ్ షీటు మీద తేలదు. పిల్లలేమో చుట్టూ నల్లగా, దళసరిగా గీత కొట్టేస్తారు. నోటు పుస్తకాలకి వేసే ఖాకీ అట్టల కాగితం తెప్పించాను. దాని మీద తెల్ల చాక్‌పీసు, బొగ్గు ముక్క చాలు. కాగితం రంగే నీడగా పనికొస్తుంది. కొంగకి మాత్రం క్రేయాన్లు తీయాల్సిందే: ముక్కుకి పసుపు, బోడి ముఖానికి నారింజ, తోక దగ్గర గులాబీ, ఛాతీకి అడ్డంగా నల్ల పట్టీ. కొంగ పిల్లకి ఈ రంగులేవీ పెట్టకూడదు, దాని ఒంటి రంగు వెలిసిపోయినట్టే ఉంటుంది. బొమ్మలు పూర్తయ్యాక చాక్‌పీసు చెరిగిపోకుండా మధ్యమధ్య పాత పేపర్లు పెట్టి దొంతర పెట్టాం. వెనకాల ఈసారి చింతకొమ్మలు వచ్చాయి. చిక్కటి ఆకుపచ్చ ముందు తెల్లపిట్ట ఎంత బాగా కనబడుతుందో పిల్లలే ఒకరికొకరు చూపించుకున్నారు.

ఇక వచ్చే వానాకాలం పాఠం ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో. అక్కడికొచ్చే నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్ల కొంగకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. పెద్దదాన్నీ చిన్నదాన్నీ పక్కపక్కనే గీయించాలి. అప్పుడూ ముక్కుతోనే మొదలు.