కామాకి అటో క్రియ, ఇటో క్రియ: నా డచ్ పరీక్ష తిప్పలు

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వచ్చిన మూడో ఏట స్టాట్స్‌ఎక్సామెన్ ఎన్‌టీ2 ప్రోగ్రామ్ 1 రాశాను, డచ్ మాతృభాష కానివాళ్లకి అక్కడి ప్రభుత్వం పెట్టే పరీక్ష. అంటే బీ1, భాషలో మధ్య స్థాయి. చదవడం, వినడం, మాట్లాడడం గట్టెక్కాయి, రాయడం పోయింది. పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాయొచ్చు కాబట్టి బతికిపోయాను.

మాటలు రాక కాదు, క్రియని తప్పు చోట పెట్టి పోగొట్టుకున్నాను. ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లిష్‌లో పేర్చుకునేవాణ్ణి. 'రేపు నేను వెళ్తాను' అనడానికి 'మోర్ఖెన్ ఇక్ ఖా' అని రాసేవాణ్ణి. డచ్ ప్రధాన వాక్యంలో క్రియ రెండో కుర్చీ వదలదు. ముందు 'రేపు' వచ్చి కూర్చుంటే 'నేను' వెనక్కి జరగాల్సిందే: 'మోర్ఖెన్ ఖా ఇక్'.

రెండోసారి ఇంగ్లిష్‌ని పక్కన పెట్టేశాను. 'రేపు రైల్లో యూట్రెక్ట్ వెళ్తాను' అంటాం కదా, ఎప్పుడు, ఎలా, ఎక్కడికి. డచ్‌లోనూ అదే వరస: 'ఇక్ ఖా మోర్ఖెన్ మెట్ ద ట్రెయిన్ నార్ యూట్రెక్ట్'. కారణం చెప్పే 'ఒమ్‌దాత్' వస్తే క్రియ కూడా మనలాగే చివరికి పోతుంది: 'ఒమ్‌దాత్ ఇక్ జీక్ బెన్', నాకు ఒంట్లో బాగోలేదు కాబట్టి. క్లాసులో మిగతావాళ్లు దీనికి తలలు పట్టుకుంటుంటే నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఆ దర్జా వారం కూడా నిలవలేదు. మనకి కారణం ముందు చెప్పడం అలవాటు. డచ్‌లో అలా మొదలుపెడితే ఆ కారణమంతా కలిపి ఒక్క కుర్చీ కిందే లెక్క. అందుకని కామా దాటగానే క్రియ రావాలి: 'ఒమ్‌దాత్ ఇక్ జీక్ బెన్, కొమ్ ఇక్ నీత్', ఒంట్లో బాగోలేదు కాబట్టి నేను రావట్లేదు. 'బెన్', 'కొమ్' ఎదురెదురుగా నిలబడాలి. నేనేమో ప్రాక్టీస్ మెయిల్స్ అన్నిట్లో 'ఇక్ కొమ్' అని కొట్టేవాణ్ణి. టెన్షన్‌గా ఉంటే 'ఒమ్‌దాత్' బదులు 'వాంత్' వాడండి. అర్థం అదే, వరస మారదు. కాకపోతే కారణం తర్వాతే చెప్పాలి.

ఇంకోటి, విడిపోయే క్రియలు. 'ఒప్‌బెల్లెన్' అంటే ఫోన్ చేయడం. 'రేపు నీకు ఫోన్ చేస్తా' అంటే 'ఇక్ బెల్ యే మోర్ఖెన్ ఒప్'. ఆ చివరి 'ఒప్' మర్చిపోకుండా, అది పడేదాకా వేలు ఎత్తి ఉంచేవాణ్ణి. "ఏంటి, డౌటా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగేది.

రెండోసారి పాస్‌మార్కు 500 దాటాను. ఇంగ్లిష్ 'the'కి డచ్‌లో రెండు మాటలున్నాయి, దేనికి 'ద', దేనికి 'హెట్' అని మాత్రం నన్ను అడక్కండి, ఇప్పటికీ నోటికొచ్చిందే పెడుతున్నాను.