నీకు నచ్చిన వ్యక్తి కాదు కదా అమ్మా

తెలుగు బడి వార్షికోత్సవంలో పిల్లలు "నాకు నచ్చిన వ్యక్తి" గురించి మాట్లాడాలట. మావాడు స్టీవ్ విట్‌మన్ అన్నాడు. ఎవర్రా ఆయన, మనవాళ్ళెవరూ దొరకలేదా అన్నాను. "నాకు నచ్చిన వ్యక్తి అన్నారు, నీకు నచ్చిన వ్యక్తి కాదు కదా అమ్మా" అంటూ, అల్లూరి మీద నేను ముందే రాసి ఉంచిన కాగితం నావైపు తోసేశాడు.

ఉక్రోషంతోనే ఆ విట్‌మన్ గురించి చదవడం మొదలుపెట్టాను. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం మనిషి, విమానాలు కట్టి పందాల్లో నడిపేవాడు. 1931లో చీఫ్ ఓష్కోష్ అనే బుల్లి రేసు విమానం సొంతంగా కట్టుకున్నాడు. 1938లో అది కూలి, యుద్ధమంతా మూలన పడి ఉంటే, 1947లో దాని భాగాలతోనే బస్టర్ అని మరోటి తయారుచేశాడు. 85 హార్స్‌పవర్ ఇంజన్, మా వ్యాన్‌లో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా కాదు! బిల్ బ్రెనాండ్ అనే బక్కపలచటి కుర్రాణ్ణి అందులో కూర్చోబెడితే, ఆ ఏడే క్లీవ్‌లాండ్‌లో గంటకు 165 మైళ్ళ వేగంతో గుడ్‌ఇయర్ ట్రోఫీ అనే విమానాల పందెం కొట్టుకొచ్చాడు.

ఇంతకీ విట్‌మన్‌కి పసితనంలోనే జబ్బు చేసి ఒక కంటి చూపు దాదాపు పోయింది. అయినా తొంభై దాటాక కూడా విమానం నడిపాడు. ఇది చదవగానే ఇక ఆగలేదు నేను, "పట్టుదల ఉంటే" అని మొదలుపెట్టి పేజీ నింపేశాను. వాడు చదివి, కన్ను సంగతి వద్దన్నాడు. వాడికి కావలసింది విట్‌మన్ విమానానికి పెట్టిన చక్రాల కాళ్ళట. రబ్బరు తాళ్ళూ కీళ్ళూ లేకుండా, బల్లపరుపు ఉక్కు పట్టీని వంచి దాని చివర చక్రం బిగిస్తే, దిగేటప్పుడు అదే వంగి అదే లేస్తుంది. ఆ ఆలోచనని సెస్నా అనే విమానాల కంపెనీ కొనుక్కుంది కూడా. దీన్ని చేతులు వంచి చూపిస్తూ, సగం తెలుగు సగం ఇంగ్లీషులో ఆపకుండా చెప్తాడు, తెలుగు బడి పాఠం అప్పజెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

పిల్లలకి నచ్చింది నచ్చనివ్వండి అని తోటి తల్లులకి చెబుదామనే ఇదంతా రాయడం మొదలుపెట్టాను. తీరా చూస్తే, పుట్టినరోజుకి వాడు రంపం అడిగితే వేలు తెగుతుందని కోడింగ్ క్లాసులో చేర్పించినదాన్ని నేనే. అల్లూరిని వదులుకోవాలన్నా మనసొప్పడం లేదు, నేను చెప్పకపోతే ఇక్కడ వాడికి ఎవరు చెప్తారు? నిన్న రాత్రి వాడు పడుకున్నాక ఆ ప్రసంగం చివర కన్ను గురించి ఒక్క వాక్యం కలిపాను. వాడింకా చూడలేదు. తీసేద్దామా అంటే, బాగానే కుదిరిందనిపిస్తోంది మరి.